పళ్లెం మీద పేరు

రివ్యూ వచ్చిందని శశాంక్ మెసేజ్ పెట్టేసరికి మానస ఒక స్టీలు బిందె మీద మొండయ్య పేరు కొడుతోంది.

వరంగల్ చౌరస్తా దాటి బట్టల బజారు వైపు తిరిగితే, చీరల దుకాణాల మధ్య ఇరుక్కుని వీరభద్రం స్టీలు సామాన్ల దుకాణం ఉంటుంది. గల్లాపెట్టె దగ్గర వీరభద్రం, పేర్లు కొట్టే మిషను దగ్గర ఆయన కూతురు మానస. మిషనంటే పెద్దదేం కాదు, లావుపాటి పెన్నులా చేతిలో ఇముడుతుంది. మీట నొక్కితే సూది జుర్రుమని అదురుతుంది. ఆ అదిరే సూదితోనే గిన్నె మీద అక్షరాలు రాయాలి. పేరు అయిపోగానే సన్నటి పొడిని ఫూ అని ఊది బొటనవేలితో తుడవాలి. కాలేజీ రోజుల నుంచి ఆ పని మానసదే.

ఎదుట మొండయ్య, అతని భార్య పూలమ్మ నిలబడి ఉన్నారు. కేసముద్రం దగ్గర పల్లె. మరిది కొత్తింట్లోకి పోతున్నాడని బిందె కొన్నారు. పత్తి ఏరిన కూలి డబ్బులు పూలమ్మ కొంగుముడి విప్పి ఇచ్చింది. మొండయ్య మాత్రం తన ఒక్కడి పేరే చెప్పాడు.

"పెద్దమ్మా, నీ పేరు గూడ కొట్టాల్నా?" అంది మానస, సూది ఎత్తి పట్టుకుని.

పూలమ్మ మొగుడి వైపు చూసి నవ్వింది. "ఉండనీ బిడ్డా. ఆయన పేరుంటే నా పేరున్నట్టే గదా."

గల్లా దగ్గర నుంచి వీరభద్రం దగ్గాడు. అది జలుబు దగ్గు కాదు, కూతురికి మాత్రమే అర్థమయ్యే దగ్గు. మానస నోరు మూసుకుని 'య్య' పూర్తి చేసి, ఫూ అని ఊది, బిందెను వాళ్ల వైపు తిప్పింది. "చూస్కోండ్రి పెద్దయ్యా, పేరు సరిగ్గ ఉందా" అని వీరభద్రం అడిగాడు. కొన్నవాళ్లు పేరు చూసుకుని సరేననే దాకా ఆయన ఏ సామానూ కాగితంలో చుట్టడు. ఆ తర్వాత తప్పయిందని వస్తే వాపసు తీసుకోడు.

వాళ్లు పోయాక, "కొన్నదెవరు బాపూ, పేరెవరిది?" అంది మానస.

"ఎవలు కొన్నరో మనకెందుకు. వాళ్లు ఏం రాసిస్తే అది కొట్టుడే మన పని. మొగుడు పెండ్లాల నడుమ దూరి దుకాణం నడుపుతవా?"

ఆ మాటకు జవాబు చెప్పబోయి, శశాంక్ మెసేజ్ గుర్తొచ్చి మానస ఫోను తీసింది. రివ్యూ.

ఆమె ఆల్బమ్ పేరు 'మోత'. ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు మిషను పక్కన మైకు పెట్టి, ఆ జుర్రుమనే చప్పుడు పట్టి, దుకాణం మీది గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని దాన్ని సాగదీసి, ముక్కలు చేసి, బేస్ చేసి, దాని కింద బీటు కట్టింది. మూతలు రాలిన చప్పుళ్లు, పళ్లేల కట్ట విప్పిన చప్పుళ్లు, అన్నీ దుకాణంవే. వీరభద్రం మిషను కాలిపోతుందని అరిచేవాడు. అరుస్తూనే రెండో మిషను కొన్నాడు. పాటలు మాత్రం ఒక్కసారీ వినలేదు. "డబ్బాల కంకర పోసి ఊపినట్టుంటది, దాన్ని ఏం ఇనాలె" అనేవాడు.

హైదరాబాదులో నడిచే ఒక వెబ్ పత్రికలో నవీన్ అనే ఆయన సంగీతం మీద రాస్తాడు. ఆయన బాగుందంటే ఆ పాటలు పెద్ద వేదికలకు పోతాయని, బాగా లేదంటే ఊళ్లోనే ఉంటాయని కుర్రాళ్ల నమ్మకం. ఆయన బాగుందనే రాశాడు. అద్భుతమని రాశాడు. మానస చేతివేళ్లు స్టీలు పొడితో మెరుస్తూ ఫోను మీద కిందికి కిందికి జరిగాయి.

'ఓరుగల్లు మట్టిలోంచి వచ్చిన యువ సంగీతకారుడు శశాంక్ తన తొలి ఆల్బమ్‌తోనే మనల్ని నివ్వెరపరిచాడు. కాశిబుగ్గ మగ్గాల వేదనను ఇంత ఆధునికంగా వినిపించినవారు లేరు. మూడో పాటలో బీటు ఒక్కసారిగా ఆగి, ఒక నేతగాడి నిట్టూర్పు వినిపించి, మళ్లీ బీటు విరుచుకుపడే క్షణం శశాంక్ ప్రతిభకు పరాకాష్ఠ. ఈ ప్రయాణంలో మానస అనే అమ్మాయి అక్కడక్కడా గొంతు కలిపి సహకరించింది.'

సహకరించింది! మానస ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఆల్బమ్ పేజీలో ఎవరికైనా కనిపించేట్టు పెద్ద అక్షరాల్లో ఉంది: సంగీతం మానస, మిక్సింగ్ శశాంక్. అట్ట మీద ఆడపిల్ల పేరు ముందూ మగపిల్లవాడి పేరు వెనకా ఉంటే, అచ్చుతప్పేమో అనుకుని సరిదిద్దుకుని చదివే కళ్లు కొన్ని ఉంటాయి. ఆ కళ్లకు చదువు ఎక్కువైనకొద్దీ జబ్బు ముదురుతుంది.

"ఏమైంది బిడ్డా, ముఖం గట్ల పెట్టినవ్?" అన్నాడు వీరభద్రం.

"నా పాటలు మంచిగున్నయట బాపూ. కాని అవి నేను చెయ్యలేదట."

వీరభద్రానికి అది అర్థం కాలేదు. గరిటెల కోసం ఎవరో వస్తే లేచిపోయాడు.

శశాంక్ మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం చేస్తాడు. కాలేజీలో మానసకు ఒక ఏడు పెద్ద. సాయంత్రాలు తన గదిలో ఇతరుల పాటలకు మిక్సింగ్ చేసి పెడతాడు. అంటే తయారైన పాటలో ఏ చప్పుడు ముందుండాలో, ఏది వెనక్కి తగ్గాలో సరిచూస్తాడు. 'మోత'కూ అదే చేశాడు. బాగానే చేశాడు. అది మానస ఎప్పుడూ కాదనలేదు.

మర్నాడు ఫోను చేస్తే మూడోసారికి ఎత్తాడు.

"చూసినవా మానసా, ఎంత మంచిగ రాసిండో! ఆఫీసుల అందరు పార్టీ అడుగుతాండ్రు."

"ఎవరి పార్టీ శశాంక్?"

"అరె, నేను ఆయనకు మెసేజ్ పెట్టిన. మిక్సింగ్ మాత్రమే నాదని చెప్పిన. ఆయన చూసినట్టు లేడు."

"ఏమని పెట్టినవ్? నాకు పంపు, చూస్త."

"పంపుత పంపుత. మీటింగుల ఉన్న ఇప్పుడు."

పంపలేదు. పెట్టనివాడు ఎక్కణ్నుంచి పంపుతాడు! శశాంక్ దొంగ కాదు. ఇంటి ముందు ఎవరో పొరపాటున వదిలేసిన సామాను లోపల పెట్టుకుని, అడిగితే ఇచ్చేద్దాంలే అనుకునే రకం. అడిగినా వెంటనే లేవడు. అంతే తేడా. మానసకు అతని మీద కోపం కన్నా రోత ఎక్కువ కలిగింది.

ఇక లాభం లేదని నవీన్ నంబరు సంపాదించి ఆయనకే చేసింది. దుకాణం వెనక, ఖాళీ అట్టపెట్టెల మధ్య నిలబడి మాట్లాడింది. ఆయన గొంతు చాలా మర్యాదగా ఉంది. ఇట్లాంటివాళ్ల గొంతులు ఎప్పుడూ మర్యాదగానే ఉంటాయి.

"చెప్పండమ్మా. మీ గొంతు చాలా బాగుంది ఆల్బమ్‌లో."

"నేను పాడలేదు సార్. అందుల ఎవ్వరు పాడలేదు. ఆల్బమ్ చేసింది నేను. శశాంక్ మిక్సింగ్ చేసిండు. పేజీల రాసి ఉంది."

"అవునా? చూడండి, అందులో ఉన్న సాంకేతిక పరిణతి, ఆ బేస్ వాడిన తీరు చూసి నేను సహజంగానే..." అని ఆగాడు. సహజంగానే తర్వాత ఏమిటో ఆయనా చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. చెప్పక్కర్లేకుండానే అది ఇద్దరికీ వినిపించింది.

"తప్పు రాసిన్రు సార్. సరిచెయ్యాలె."

"మానస గారూ, రివ్యూ మొత్తం మీకు అనుకూలంగానే ఉంది కదా. పనిని పొగిడాను. ఇప్పుడు మధ్యలో పేర్లు మారిస్తే చదివినవాళ్లకు మా మీద నమ్మకం పోతుంది. వచ్చే ఇంటర్వ్యూలో శశాంక్ గారే మీ గురించి ప్రస్తావిస్తారు, నేను చెబుతాను."

"నా పాటల గురించి ఆయన ప్రస్తావించుడేంది సార్?" మానస గొంతు లేచింది. అట్టపెట్టెలు సర్దుతున్న పనివాడు తలతిప్పి చూశాడు. "ఇంకొకటి. అది మగ్గం కాదు. మీరు కాశిబుగ్గ మగ్గాలని రాసిన్రు. మా ఆల్బమ్‌ల ఒక్క మగ్గం లేదు. అది గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను. మా దుకాణంల మిషను. ఆ నిట్టూర్పు ఏ నేతగాడిది కాదు, పొడి ఎగిరిపోవాలని నేను ఊదిన ఊపిరి."

ఆయన నొచ్చుకున్నాడేమో అనుకుంది. కాదు, ఆలోచిస్తున్నాడు.

"గిన్నెలా?" అన్నాడు చివరికి. "అది... అంత లోతుగా అనిపించదమ్మా. మగ్గం అంటే ఒక చరిత్ర ఉంది, ఒక బాధ ఉంది. వినేవాళ్లకు అది అందుతుంది. స్టీలు గిన్నెలంటే నవ్వుతారు. మీ మంచికే చెబుతున్నాను, మగ్గమనే ఉండనివ్వండి."

ఫోను పెట్టేశాక మానస అక్కడే ఒక అట్టపెట్టె మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది. ఆ మనిషికి ఆమె చప్పుళ్లు నచ్చాయి. ఆ చప్పుళ్లు చేసిన ఆమె నచ్చలేదు, అవి పుట్టిన దుకాణమూ నచ్చలేదు. కాశిబుగ్గ నేతగాళ్లు ఎప్పుడైనా ఈయన గుమ్మం తొక్కితే వాళ్ల బాధ ఎంతసేపు వినేవాడో! బాధ దూరంగా ఉండి, బీటులో కలిసి వస్తేనే ఆయనకు ఇంపు.

రివ్యూ వచ్చిన వారంలోనే ఊరు కదిలింది. నాదమిత్ర సమితి అని ఒకటి ఉంది హన్మకొండలో. ఎవరికైనా హైదరాబాదులో పేరొస్తే, ఆ పేరు చల్లారకముందే పట్టుకొచ్చి శాలువా కప్పడం దాని పని. దాని కార్యదర్శి కొమురెల్లి, రిటైరైన లెక్చరర్. ఆయన ఒక పొద్దున నేరుగా వీరభద్రం దుకాణానికే వచ్చాడు. సమితి సన్మానాల పళ్లేలన్నీ ఎప్పటి నుంచో అక్కడే కొంటారు.

"సేటూ, మంచి ఇత్తడి పళ్లెం తియ్యి. పెద్దది. ఆదివారం సభ. మన ఊరి పిలగాడు, శశాంక్ అని, ఆల్బమ్ తీసిండు గదా. నవీన్ గారు స్వయంగ వస్తాండ్రు, ఆయన చేతుల మీద సన్మానం."

వీరభద్రం నిచ్చెన మీది నుంచి పళ్లెం దించుతూ దించుతూ కూతురి వైపు చూశాడు. మానస మిషను తీగ విప్పుతోంది. విప్పుతూనే ఉంది.

"ఇగో మానసా, నువ్వు గూడ రావాలె బిడ్డా," అన్నాడు కొమురెల్లి, గుర్తొచ్చి. "నువ్వు అందుల పాడినవట గదా. నీకు గూడ పూలగుత్తి ఇప్పిస్త."

"నేను పాడలే సార్. ఆల్బమే నాది. అందరికి చెప్పిన, మీకు గూడ చెప్తాన్న."

కొమురెల్లి నవ్వాడు. పిల్లలు పొడుగవ్వాలని మడమలెత్తి నిలబడితే పెద్దలు నవ్వే నవ్వు. "గట్లనే ఉంటది బిడ్డా, అందరు కలిసి చేసింది గదా. నాది నీది అనుకోవద్దు. అంత పెద్దమనిషి చెవులతోటి ఇని రాసినంక మనం కాదంటే మంచిగుంటదా?" జేబులోంచి ఒక చిట్టీ తీసి మిషను పక్కన పెట్టాడు. "ఇది కొట్టు. అక్షరాలు జర అందంగ రావాలె."

చిట్టీ మీద ఇట్లా ఉంది: 'మోత ఆల్బమ్ సృష్టికర్త, యువ సంగీత దర్శకుడు శ్రీ శశాంక్ గారికి నాదమిత్ర సమితి ఆత్మీయ సత్కారం.'

తన పాటలకు ఇంకొకరి పేరు. దాన్ని కొట్టాల్సింది తన చేయి. కొట్టే మిషను ఆ పాటల్లో మోగిన మిషనే. మానస మిషను ఎత్తింది, మీట నొక్కింది, సూది జుర్రుమంది. పళ్లెం అంచు దాకా తీసుకుపోయి ఆపేసింది.

"నేను కొట్ట," అంది.

"ఏంది?" అన్నాడు కొమురెల్లి.

"ఈ పేరు నేను కొట్ట. ఇంకెక్కడన్న కొట్టించుకోండ్రి."

దుకాణంలో గిన్నెలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు చేతిలోవి పట్టుకునే నిలబడిపోయారు. ఆ దుకాణం పెట్టింది మొదలు, పేరు కొట్టనన్న మాట ఎవరూ విని ఉండరు. కొమురెల్లి ముఖం గంటు పెట్టుకున్నాడు. వీరభద్రం నిచ్చెన దిగి, తువ్వాలతో చేతులు తుడుచుకుని, కూతురి దగ్గరికి వచ్చాడు.

"ఇటియ్యి," అన్నాడు, మిషను కోసం చేయి చాపి.

"బాపూ, నీకు తెలుసు గదా! ఎవలు చేసిన్రో నీ కండ్ల ముంగటనే..."

"ఇటియ్యి బిడ్డా. గిరాకి ముంగట గడబిడ చెయ్యకు. నువ్వు మీదికి పో." కొమురెల్లి వైపు తిరిగాడు. "మీరు ఫికర్ చెయ్యకుండ్రి సార్. నేను కొట్టి, ప్యాక్ చేసి, ఆదివారం నేనే హాలుకు తెచ్చిస్త."

కొమురెల్లి ఫోను మోగితే మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు. మానస తండ్రి ముఖం చూసింది. ఆ ముఖంలో దుకాణం తప్ప మరేం కనిపించలేదు. మిషను ఆయన చేతిలో పడేసినంత పని చేసి మెట్లెక్కింది.

మీది గదిలో మంచం మీద కూర్చుంటే కిందినుంచి మిషను చప్పుడు మొదలైంది. ఎన్ని వందల సార్లు చెవులకు తగిలించుకుని విన్న చప్పుడో అది. దీర్ఘం సాగదీస్తే ఒక తీరుగా, చుక్క పెడితే ఒక తీరుగా మోగుతుంది. ఇప్పుడు ఆమె అక్షరాలు పట్టుకోదలచుకోలేదు. చెవులు రెండూ మూసుకుంది. తీసి చూస్తే ఇంకా నడుస్తూనే ఉంది. ఆ కాస్త చిట్టీకి ఇంతసేపా? కళ్లు ఆనక తడుముకుంటున్నాడు కాబోలు. చాలా ఏళ్లయింది ఆయన మిషను పట్టి. ఎట్టకేలకు ఆగింది. ఫూ అని ఊదిన చప్పుడు అంత దూరం వినిపించింది. ఆ ఊపిరికి మానస కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊళ్లో అందరూ ఆమె పాటలు ఎత్తి ఎవడికో ఇచ్చారు. ఇప్పుడు బాపు కూడా ఇచ్చాడు.

దిగి వచ్చేసరికి పళ్లెం మెరుపు కాగితంలో చుట్టేసి ఉంది. వీరభద్రం ఎర్ర రిబ్బను ముడి వేస్తున్నాడు. కొన్నవాళ్లకు పేరు చూపించకుండా ఆయన సామాను చుట్టడం మానసకు తెలిసి అదే మొదలు. తన కంట పడకూడదనే చుట్టేశాడని అనుకుంది. ఆ రోజు తండ్రితో మాట్లాడలేదు. ఆ తర్వాతా మాట్లాడలేదు. అన్నం దగ్గర కూర్చున్నప్పుడు కూర అడగాల్సి వస్తే తల్లిని అడిగింది.

తల్లి కళావతి ఇద్దరి మధ్యా గిన్నె అటూ ఇటూ జరుపుతూ చూసి చూసి, "సభకు పోతవా?" అంది.

"నేనెందుకు పోవాలె?"

"పోయి కూసో. నీ పాటల మీద నీ ముంగట ఏం మాట్లాడుతరో మాట్లాడనీ. నువ్వు రాకుంటే, అదుగో, తనది కాదు గనుకనే రాలేదంటరు."

ఆదివారం సాయంత్రం వీరభద్రం దుకాణం షట్టర్ దించేశాడు. బేరాల వేళ, పెళ్లిళ్ల కాలం. పక్క చీరల దుకాణం వాళ్లు బయటికొచ్చి, "ఏంది సేటూ, పానం మంచిగ లేదా?" అని అడిగారు. ఆయన ఏమీ చెప్పకుండా స్కూటరు తీసి, పళ్లెం పొట్లం కూతురి ఒడిలో పెట్టాడు. హన్మకొండ దాకా ఆ బరువు ఆమె మోకాళ్ల మీదే ఉంది. దారి పొడుగునా దాన్ని రోడ్డు మీదికి విసిరేయాలని చేతులు తహతహలాడాయి. పట్టుకునే ఉంది.

హాలు నిండింది. వేదిక మీద ఫ్లెక్సీలో శశాంక్ చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. మానస నేరుగా కొమురెల్లి దగ్గరికి పోయి, "సార్, నాకు రెండు నిమిషాలు మైకు ఇప్పించుండ్రి," అంది.

"ప్రోగ్రాం టైట్ ఉంది బిడ్డా. చివర్ల చూద్దాం," అని ఆయన పళ్లెం పొట్లం అందుకుని వేదిక వెనక్కి పరుగెత్తాడు. విప్పి చూసుకునే తీరిక ఎవరికుంది!

మానస మూడో వరుసలో కూర్చుంది. వీరభద్రం చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చున్నాడు.

నవీన్ మాట్లాడాడు. చూడటానికీ మర్యాదస్తుడే, ఖాదీ లాల్చీ, మెత్తటి నవ్వు. మగ్గాల గురించి మాట్లాడాడు. నూలుపోగుల్లా అల్లుకున్న బీట్ల గురించి మాట్లాడాడు. మూడో పాట వినిపించారు. హాల్లో స్పీకర్లు దద్దరిల్లాయి. కుర్రాళ్లు ఈలలు వేశారు. బీటు ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఫూ అని మానస ఊపిరి హాలంతా వినిపించింది. బీటు విరుచుకుపడింది. "విన్నారా ఆ నిట్టూర్పు? ఒక నేతగాడి జీవితమంతా అందులో ఉంది!" అన్నాడు నవీన్, పాట ఆపించి. చప్పట్లు. వేదిక మీద శశాంక్ కూర్చున్న కుర్చీలో ఒకటికి రెండుసార్లు కదిలాడు. మానస చూపు తగిలిందేమో, బూట్ల వైపు చూసుకున్నాడు. మానస పళ్లు గట్టిగా బిగించుకుని కూర్చుంది. చివర్లో మైకు ఇచ్చినా ఇవ్వకపోయినా లేచి అరుద్దామని నిశ్చయించుకుంది.

శాలువా కప్పారు. కొమురెల్లి రిబ్బను లాగి, మెరుపు కాగితం విప్పి, పళ్లేన్ని నవీన్ చేతికి ఇచ్చాడు. సన్మాన వాక్యం ముఖ్య అతిథి స్వయంగా చదివి అందించడం సమితి ఆనవాయితీ. నవీన్ పళ్లేన్ని వెలుతురుకు తిప్పి, మైకు దగ్గరికి జరుపుకున్నాడు. చదవడం అలవాటైన గొంతు, ముందుగా కళ్లతో చూసుకోకుండానే అందుకుంది.

"మోత ఆల్బమ్... చేసినది... వీరభద్రం బిడ్డ..."

ఆగాడు. ఆయన ఆగడం కూడా మైకులో వినిపించింది.

"గట్టిగ సదువుండ్రి సార్, ఇనబడ్తలేదు!" వెనక నుంచి ఎవరో కుర్రాడు.

కొమురెల్లి తల వంచి పళ్లెంలోకి చూసి, తెల్లబోయాడు. నవీన్ ఆయన వైపు చూశాడు. మూడు వందల కళ్లు తన వైపు చూస్తుంటే, చేతిలో చదవాల్సింది ఉండి చదవకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు.

"చేసినది వీరభద్రం బిడ్డ మానస. మిక్సింగ్ చేసినది శశాంక్. సన్మానం చేసినది నాదమిత్ర సమితి."

పెళ్లి సామాన్ల మీద కొట్టే తీరది. చేసింది, ఇచ్చింది, ఎవరి బిడ్డ. మానస వెనక్కి తిరిగి చూసింది. వీరభద్రం తలుపు పక్కన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, బస్సు కోసం చూసేవాడిలా కూర్చున్నాడు. ఆ రోజు పళ్లేన్ని ఎవరికీ చూపించకుండా ఎందుకు చుట్టేశాడో ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఏదో పొరపాటు జరిగినట్టుంది..." అంటున్నాడు నవీన్. "శశాంక్ గారూ, మీరే..."

శశాంక్ లేచాడు. ముఖం ఎర్రబడింది. మైకు అందుకుని కాసేపు దాన్నే చూశాడు. "పొరపాటు లేదు సార్. సరిగ్గనే ఉంది," అన్నాడు. ఆ రెండు మాటలు వారం కిందట అని ఉంటే ఎంత బాగుండేది! ఇప్పుడన్నా అన్నాడు. మైకు చేతిలో ఉండగానే పళ్లెం కూడా తీసుకుని వేదిక దిగి మూడో వరుస దాకా వచ్చి మానస ముందు పట్టాడు.

"నీ పేరు గూడ ఉంది గదా, నువ్వే ఉంచుకో," అంది మానస. "మైకు ఇటియ్యి."

మైకు తీసుకుంది. రాత్రంతా కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు. నవీన్ వైపు తిరిగి, "అది మగ్గం కాదు సార్," అంది. "గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను. ఇప్పుడు మీరు చదివిన పళ్లెం మీద కొట్టింది గూడ ఆ మిషనే. నవ్వేటోళ్లుంటే నవ్వుండ్రి."

ఎవరూ నవ్వలేదు. కుర్రాళ్లు మళ్లీ పాట పెట్టమని అరిచారు. పెట్టినతను కొమురెల్లి అనుమతి అడగలేదు.

సభ అయ్యాక గుమ్మం దగ్గర కొమురెల్లి వీరభద్రాన్ని పట్టుకున్నాడు. "ఏంది సేటూ ఇది? నేనిచ్చిన చిట్టీ ఏంది, నువ్వు కొట్టిందేంది? నీ దుకాణం మీద నమ్మకంతోటి..."

"తప్పే సార్," అన్నాడు వీరభద్రం. "ఇన్నేండ్లు చిట్టీల చూసింది కొట్టిన. ఇదొక్కటి నా కండ్లతోటి చూసింది కొట్టిన. ఇగ మీరు మా దుకాణానికి రాకున్నా సరే."

చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. స్కూటరు దగ్గర మానస ఆయన కోసం నిలబడి ఉంది. ఇన్ని రోజుల తర్వాత ఏం మాట్లాడాలో తోచక, ముందుగా పోట్లాటే అందుకుంది.

"అంతా మంచిగనే కొట్టినవ్ గని, నా పేరు ముంగట నీ పేరెందుకు బాపూ?"

"మరి!" అన్నాడు వీరభద్రం, తాళం చెవి కోసం జేబులు తడుముకుంటూ. "ఉత్త మానస అని కొడితే, ఏ మానస అని అడుగుతరు గదా. ఊర్ల ఎంతమంది లేరు!"

"రేపటి సంది అడగరు తియ్యి," అంది మానస, వెనక సీటు ఎక్కుతూ.

వీరభద్రం ఒక క్షణం ఆలోచించి, "అయితే వచ్చేసారి పళ్లెం మీద నా పేరు తీసేస్త," అని స్కూటరు స్టార్ట్ చేశాడు.